షికాగోలో పోలిష్ పేట ఇంకా ఉన్నట్టేనా?

అవొండేల్_పైవాటా
ఈ మధ్యే శివారు నుంచి షికాగో నగరంలోకి మారి, అవొండేల్‌లో మిల్వాకీ అవెన్యూకు దగ్గరగా ఒక రెండంతస్తుల ఇంటి పైవాటాలో అద్దెకు దిగాము. ఇల్లు చూపించినవారు ఇది "పోలిష్ విలేజ్" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. తీరా వీధిలోకి వెళ్లి చూస్తే పోలిష్ బోర్డులున్న దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. ఒక పెద్ద సాసేజ్ దుకాణమూ, దూరం నుంచే కనబడే మూడు గోపురాల చర్చీ ఉన్నాయి గాని, మిగిలిన చోటంతా కాఫీ దుకాణాలు, కొత్త అపార్ట్‌మెంట్లు, మెక్సికన్ కిరాణా కొట్లు వచ్చేశాయి. మా ఇంటి అద్దె కూడా వలస కూలీల పేటలో ఉండవలసిన అద్దెలా లేదు. ఈ పేట ఎలా ఏర్పడిందో, ఎందుకు ఇలా పలచబడిందో తెలిసినవారు చెప్పగలరా? దీన్ని ఇంకా పోలిష్ పేట అనడం న్యాయమేనా? హైస్కూలులో చదువుతున్న మా అమ్మాయి వలసల చరిత్ర మీద ఒక ప్రాజెక్టు చేయాలనుకుంటోంది, అందువల్ల వివరంగా చెబితే మరీ మేలు.

నేపర్‌విల్_నివాసి
న్యాయం కాదనే నా అభిప్రాయం. పోలిష్ వారిలో ఎక్కువ మంది ఎప్పుడో నైల్స్, నోరిడ్జ్, పార్క్ రిడ్జ్ వంటి శివారు ఊళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ పేరు ఇళ్లు అమ్మేవారికి పనికివస్తోందంతే. మనుషులు లేనప్పుడు పేట పేరొక్కటే మిగిలి ఏం లాభం?

పాతకాగితాలు
నేపర్‌విల్_నివాసి గారు తుది తీర్పు ఇచ్చే ముందు మొదటి నుంచి చూడడం మంచిది. అవొండేల్ ఈ కథలో రెండో మజిలీ మాత్రమే. మొదటిది అక్కడికి ఆగ్నేయంగా, అదే మిల్వాకీ అవెన్యూ మీద, డివిజన్ వీధీ యాష్‌లాండ్ అవెన్యూ కలిసే కూడలి చుట్టూ ఉండేది. సెయింట్ స్తానిస్లావుస్ కోస్త్కా పారిష్ (అంటే ఒక చర్చి కిందికి వచ్చే భక్తుల సముదాయం) 1867లో అక్కడే ఏర్పడింది. షికాగోలో అది మొదటి పోలిష్ పారిష్. ఇప్పుడున్న చర్చి నిర్మాణం 1877లో మొదలై 1881లో పూర్తయింది. 1897 నాటికి ఆ ఒక్క పారిష్‌లో సుమారు 5,000 కుటుంబాలు, అంటే 40,000 మంది ఉండేవారు. ఆదివారం నాడు పై చర్చిలో ఆరు, కింది చర్చిలో ఆరు, మొత్తం పన్నెండు పూజలు జరిగేవి. అప్పట్లో అమెరికాలో అంతకన్నా పెద్ద పారిష్ లేదు.

వారంతా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కష్టపడి బతికేవారు. షికాగో నది ఉత్తర పాయ వెంబడి ఉన్న తోళ్ల కార్ఖానాలూ ఇనుప మిల్లులూ వారికి పనినిచ్చేవి. పనికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, చర్చి గంట వినబడే చోట ఇళ్లు కట్టుకున్నారు. ఎవరిది ఏ పేట అని అడిగితే వీధి పేరు కాకుండా పారిష్ పేరే చెప్పుకొనేవారు. స్తానిస్లావుస్ చర్చి చుట్టుపక్కల ఉన్నది స్తానిస్వావోవో, హోలీ ట్రినిటీ చుట్టుపక్కల ఉన్నది త్రూయ్త్సోవో, మీరు ఇప్పుడుంటున్న సెయింట్ హయసింత్ పరిసరాలు యాత్స్కోవో.

ఓరుగల్లు_శారద
తోళ్ల కార్ఖానాల్లో పనిచేసేవారి దగ్గర అంతంత చర్చిలు కట్టడానికి డబ్బు ఎక్కడిది? ఆ చర్చి ఫొటోలు చూశాను. ఏ రాజుగారో కట్టించినట్టుంది.

పాతకాగితాలు
వారి కష్టార్జితమే శారద గారూ. ఆనాడు పోలాండ్ అనే దేశమే పటం మీద లేదు. 1795 నుంచి 1918 దాకా ఆ భూభాగాన్ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకొని ఏలాయి. ప్రష్యా పాలనలో బళ్లలో జర్మన్ రుద్దారు, చర్చి మీద ఆంక్షలు పెట్టారు. మాతృభాషలో ప్రార్థన చేయడమే నేరంలా చూసిన చోటు నుంచి వచ్చిన మనిషికి, తన భాషలో పాట పాడుకోగల చర్చి కేవలం దైవమందిరంగా తోచదు. అది దేశానికి బదులుగా నిలిచిన చోటు. అందుకే వారం వారం కూలి డబ్బులోంచి చర్చికి వాటా తీసి ఇచ్చారు. మిగిలినదాన్ని పొదుపు, గృహరుణ సంఘాల్లో దాచుకొని ఇళ్లు కొన్నారు. ఆ సంఘాలను నడిపినవారు కూడా పోలిష్ వారే.

కట్టడాల_కబురు
ఇళ్ల గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే ప్రశ్న అడిగినవారు ఇప్పుడు అటువంటి ఇంట్లోనే ఉన్నారు. షికాగోలో "టూ ఫ్లాట్" అని పిలిచే ఇంట్లో కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉంటాయి. యజమాని ఒక వాటాలో ఉండి రెండోది అద్దెకిస్తాడు, ఆ అద్దెతో అప్పు వాయిదా కడతాడు. అది చాలకపోతే వెనక పెరట్లో సందు వైపు మరో చిన్న ఇల్లు లేపి అదీ అద్దెకిచ్చేవారు. ఇంట్లోనే ఒంటరి కూలీలను భోజనంతో సహా ఉంచుకొనే ఇల్లాళ్లు కూడా ఉండేవారు. స్తానిస్లావుస్ చుట్టూ ఇరవై అయిదు అడుగుల వెడల్పు స్థలాల్లో జనం కిక్కిరిసి ఉండడానికి కారణం ఇదే. ఆరోగ్యానికి అది మంచిది కాదు, క్షయ వంటి జబ్బులు సులువుగా పాకేవి. కాని సొంత ఇల్లు అనే ఆశ కూలివాడికి అందుబాటులోకి వచ్చింది కూడా ఆ పద్ధతి వల్లనే.

గోదారిగట్టు
అందరూ కలిసికట్టుగా చర్చి కట్టుకొన్నారన్న చిత్రం అందంగా ఉంది గాని, అది సగం నిజమే. స్తానిస్లావుస్ చర్చికి కూతవేటు దూరంలో, అదే నోబుల్ వీధిలో హోలీ ట్రినిటీ చర్చి ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి కదా. స్తానిస్లావుస్‌ను 1874 నుంచి 1899లో మరణించేదాకా నడిపిన ఫాదర్ విన్సెంట్ బార్జిన్స్కి సమర్థుడే. అయితే పారిష్ ఆస్తి, బడి, పత్రిక, పొదుపు బ్యాంకు, ఓట్లు అన్నీ తన కనుసన్నల్లో ఉండాలనుకొన్నారు. చర్చి కన్నా ముందు దేశ స్వాతంత్ర్యం అనేవారికి అది నచ్చలేదు. చర్చి ఆస్తి ఎవరి పేరున ఉండాలన్న తగవులో బిషప్ హోలీ ట్రినిటీని ఏళ్ల తరబడి మూసి ఉంచారు. 1893లో పోప్ ప్రతినిధి జోక్యం చేసుకొని దాన్ని హోలీ క్రాస్ అనే క్యాథలిక్ గురువుల సంఘానికి అప్పగించేదాకా ఆ తలుపులు సరిగా తెరుచుకోలేదు.

అక్కడితో ఆగలేదు. 1895లో సెయింట్ హెడ్విగ్ పారిష్‌లో గొడవ పోలీసుల దాకా వెళ్లింది. వేలమంది విడిపోయి ఫాదర్ ఆంతొని కొజ్వోవ్స్కి వెంట స్వతంత్ర చర్చి పెట్టుకొన్నారు. బార్జిన్స్కి నడిపిన పారిష్ బ్యాంకు కూడా చివరకు పెద్ద అప్పు మిగిల్చింది, దానిలో డబ్బు దాచుకొన్నది కూలివారే. వీటన్నిటినీ దాటేసి పేటను పొగడడం ఆ కూలివారికి న్యాయం చేయడం కాదు.

బెజవాడ_బాబాయి
రెండు సంఘాలు లేనిదే వలస వెళ్లిన ఏ జాతికీ పొద్దు గడవదన్నమాట! మన తెలుగు సంఘాలకు పెద్దన్నలు వీరే.

పాతకాగితాలు
గోదారిగట్టు గారు చెప్పిన గొడవలన్నీ నిజం. అయితే వాటి ఫలితం విధ్వంసం ఒక్కటే అనుకోవద్దు. ఆ పోటీ వల్లనే ప్రతి పనికీ రెండేసి సంస్థలు పుట్టాయి. చర్చి పక్షానికి 1873లో పోలిష్ రోమన్ క్యాథలిక్ యూనియన్, జాతీయవాదుల పక్షానికి 1880లో పోలిష్ నేషనల్ అలయన్స్ ఏర్పడ్డాయి. ఫ్యాక్టరీలో మనిషి చనిపోతే భార్యాబిడ్డలకు సొమ్ము అందించే బీమా ఈ సంఘాల ప్రధానమైన పని. 1898లో స్త్రీలు తమకంటూ పోలిష్ విమెన్స్ అలయన్స్‌ను పెట్టుకొన్నారు. స్త్రీల పేరున బీమా పాలసీ, స్త్రీల చేతిలో సంఘం నిర్వహణ, ఇవి ఆ కాలానికి చిన్న విషయాలు కావు. పత్రికలు కూడా అంతే. చర్చి పక్షం 1890లో "జియెన్నిక్ షికాగోస్కి" పెడితే, నేషనల్ అలయన్స్ 1908లో "జియెన్నిక్ జ్వియోన్స్కోవి" పెట్టింది. ఈ రెండో పత్రిక ఇప్పటికీ వస్తోంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇరుపక్షాలూ ఒక మాట మీదికి వచ్చాయి. బ్యాంకరు యాన్ స్ముల్స్కి ఇక్కడ, పియానో విద్వాంసుడు ఇగ్నాత్సీ పదెరెవ్స్కి దేశమంతటా తిరుగుతూ డబ్బూ మద్దతూ కూడగట్టారు. ఫ్రాన్సులో జనరల్ హాలర్ నడిపిన పోలిష్ సైన్యంలో చేరడానికి అమెరికా నుంచి 20,000 మందికి పైగా వెళ్లారు. 1918లో పోలాండ్ మళ్లీ పటం మీదికి వచ్చింది, 1919లో పదెరెవ్స్కి ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యారు. డివిజన్ వీధి కూడలి ఒక దేశపు పుట్టుకలో పాలుపంచుకొంది.

అవొండేల్_పైవాటా
ఇంత చరిత్ర ఉందని తెలియదు. అమ్మాయి పక్కనే కూర్చొని రాసుకొంటోంది. మరి ఆ మొదటి పేట ఎందుకు చెదిరింది? ఆ స్తానిస్లావుస్ చర్చిని కారులో వెళ్తూ చూసినట్టున్నాము. కెనెడీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే, దాదాపు గోడకు ఆనుకొని ఉన్నది అదేనా?

కట్టడాల_కబురు
అదే. మొదటి ప్రణాళిక ప్రకారం ఆ రోడ్డు చర్చి మీదుగానే వెళ్లవలసి ఉంది. పోలిష్ రాజకీయ నాయకులూ పారిష్ జనమూ పట్టుబట్టడంతో దారి మళ్లించారు. అందుకే అక్కడ రోడ్డు చర్చి వెనకనుంచి వంపు తిరుగుతుంది. దశాబ్దాల పాటు కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్న డాన్ రొస్టెన్‌కౌస్కి కుటుంబం ఇల్లు ఆ చర్చి ఎదురుగానే ఉండేదంటే ఆ పారిష్ పలుకుబడి ఎటువంటిదో ఊహించుకోవచ్చు. చర్చి నిలిచింది గాని పేట దెబ్బతింది. రోడ్డు 1960లో తెరిచేనాటికి దానికి అడ్డం వచ్చిన ఇళ్లన్నీ నేలమట్టమయ్యాయి, వేలమంది చెల్లాచెదురయ్యారు. మిగిలినవారిలో చాలామంది అదే మిల్వాకీ అవెన్యూ వెంట వాయవ్యంగా కదిలారు. ఖాళీ అయిన ఇళ్లలోకి పోర్టోరికన్, మెక్సికన్ కుటుంబాలు వచ్చాయి. ఇప్పుడు స్తానిస్లావుస్‌లో ఇంగ్లీషు, స్పానిష్, పోలిష్ మూడు భాషల్లోనూ పూజలు జరుగుతాయి.

రిటైర్డ్_ఇంజనీరు
యాత్స్కోవో గురించి నేను చెప్పగలను, ఎందుకంటే 1980ల చివర్లో నేను అక్కడే, సెయింట్ హయసింత్ చర్చికి రెండు వీధుల అవతల, ఒక పోలిష్ ఆవిడ ఇంట్లో పైవాటాలో ఉన్నాను. అప్పటి మిల్వాకీ అవెన్యూను ఇప్పుడు చూసినవారు ఊహించలేరు. పోలాండ్‌లో 1981 డిసెంబరు 13న సైనిక పాలన విధించి సాలిడారిటీ కార్మిక సంఘం నాయకులను నిర్బంధించారు. ఆ తరువాత వచ్చినవారిలో ఇంజనీర్లు, నర్సులు, ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. ఇక్కడ వారు ఇళ్లు శుభ్రం చేశారు, ఇళ్ల పైకప్పులు వేశారు, ముసలివారికి సేవ చేశారు. మా ఇంటి యజమానురాలు అక్కడ కెమిస్ట్రీ టీచరు, ఇక్కడ రాత్రిపూట ఆఫీసులు తుడిచే పని.

వీధిలో ప్రతి రెండు మూడు దుకాణాలకూ ఒక పార్శిల్ ఆఫీసు ఉండేది. కాఫీ పొడి, చాక్లెట్లు, మందులు, చిన్నపిల్లల బట్టలు, బూట్లు అట్టపెట్టెల్లో సర్ది పోలాండ్‌కు పంపేవారు. మా యజమానురాలు నెల పొడుగునా వంటగదిలో ఒక మూల పెట్టె తెరిచే ఉంచేది. కొన్న ప్రతి వస్తువునూ దానిలో వేసి, ఒక కాగితం మీద రాసి, పెట్టె నిండగానే తాడుతో నిలువుగా అడ్డంగా బిగించి కట్టేది. ముడి వేసేటప్పుడు నన్ను పిలిచి వేలు పెట్టి నొక్కమనేది. దుకాణాల అద్దాల మీద చేతిరాత కాగితాలు అంటించి ఉండేవి, పని ఉంది, గది ఉంది, వంట మనిషి కావాలి అని. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా బ్యాంకు, డాక్టరు, వకీలు, క్షౌరశాల అన్నీ ఆ వీధిలోనే నడిచిపోయేవి. ఆదివారం సెయింట్ హయసింత్ లోపల చోటు చాలక జనం మెట్ల మీద నిలబడి పూజ వినేవారు. వర్ణచిత్రాలతో నిండిన ఆ గోపురం కింద నిలబడి నేను కూడా చాలాసార్లు ఆ పాటలు విన్నాను.

ఓరుగల్లు_శారద
ఆ ముడి మీద వేలు పెట్టిన సంగతి చదువుతుంటే ఆ వంటగది కళ్లకు కట్టింది. ఆవిడ తరువాత ఏమయ్యారు?

రిటైర్డ్_ఇంజనీరు
కొడుకు చదువు పూర్తయ్యాక శివారులో ఇల్లు కొన్నాడు, ఆవిడను అక్కడికి తీసుకువెళ్లాడు. ఇల్లు మంచి ధరకు అమ్ముడుపోయింది. అయితే ఆవిడ బతికి ఉన్నంతకాలం ఆదివారం పూజకు సెయింట్ హయసింత్‌కే వచ్చేది. ఆ చర్చి 2003లో బసిలికా హోదా (పోప్ కొన్ని చర్చిలకు ఇచ్చే ప్రత్యేక గౌరవం) పొందిన వార్త నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

నేపర్‌విల్_నివాసి
నేను మొదట చెప్పినదాన్ని ఈ కథ బలపరుస్తోంది. ఆవిడ కొడుకు పైకి వచ్చాడు, ఇల్లు కొనుక్కొన్నాడు, వెళ్లాడు. ఇందులో విషాదం ఏముంది? పేట అనేది వలసదారుడికి మొదటి మెట్టు మాత్రమే. మెట్టు మీదే కూర్చుండిపోవాలని ఎవరూ కోరుకోరు.

గోదారిగట్టు
అందరూ ఇష్టపడి వెళ్లలేదండీ. ఇల్లు సొంతమైనవారికి ధరలు పెరగడం లాభం, అద్దెకున్నవారికి అదే నష్టం. నా సహోద్యోగి తల్లిదండ్రులు అవొండేల్‌లో చాలా ఏళ్లు అద్దెకున్నారు. భవనం చేతులు మారగానే కొత్త యజమాని అద్దె ఒక్కసారిగా పెంచడంతో ఆ పెద్దవారు తెలిసిన డాక్టరునూ, చర్చినీ, దుకాణాన్నీ వదిలి దూరంగా వెళ్లవలసి వచ్చింది. కారు నడపలేని వృద్ధులకు, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి నడిచి వెళ్లగల వీధి పోవడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. దుకాణదారుల సంగతీ అంతే. భవనం సొంతమైనవారు నిలిచారు, అద్దెకున్నవారు మూసేశారు. పైకి వచ్చినవారి లెక్క ఒక్కటే చూస్తే వెళ్లగొట్టబడినవారు కనబడరు.

వ్రోత్స్వావ్_విద్యార్థి
నేను పోలాండ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఇక్కడ మన తెలుగు విద్యార్థులు బాగానే ఉన్నారు. షికాగో పేట పలచబడడానికి ఇటువైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. 2004లో పోలాండ్ ఐరోపా సమాఖ్యలో చేరాక, పని కోసం బ్రిటన్, ఐర్లండ్‌లకు వీసా లేకుండా వెళ్లే వీలు కలిగింది. అట్లాంటిక్ దాటవలసిన అవసరం తగ్గింది. ఈలోగా ఇక్కడి జీతాలూ పెరిగాయి. అమెరికా నుంచి తిరిగివచ్చినవారి కుటుంబాలు నాకు తెలుసు. కొత్తగా వచ్చేవారు లేకపోతే ఏ వలస పేటకైనా కొత్త నీరు ఆగిపోతుంది.

బెజవాడ_బాబాయి
వార్సా తరువాత ప్రపంచంలో ఎక్కువమంది పోలిష్ వారున్న నగరం షికాగోనే అంటారు. అంతమంది ఉంటే పేట ఎలా పోతుంది?

పాతకాగితాలు
ఆ మాట షికాగోలో తరచూ వినబడుతుంది గాని, లెక్క సరిగా చూసుకోవాలి. మహానగర ప్రాంతం మొత్తం మీద పోలిష్ మూలాలున్నవారు ఎనిమిది, తొమ్మిది లక్షల దాకా ఉంటారు. అందులో ముత్తాత పోలిష్ వాడని రాసుకొన్న నాలుగో తరం వారు కూడా కలిసి ఉన్నారు. పోలిష్ మాట్లాడేవారి సంఖ్య దానికన్నా చాలా తక్కువ. శివారులన్నీ కలిపిన షికాగో లెక్కను, నగర సరిహద్దులు మాత్రమే చూసిన పోలాండ్ నగరాలు క్రాకూఫ్, వూజ్ లెక్కలతో పోల్చడం కూడా సరికాదు. అంతమంది ఉన్నారన్నది నిజమే, కాని ఒకచోట లేరు.

కట్టడాల_కబురు
ఒకచోట లేకపోయినా నగరం మీద వారి ముద్ర తేలికగా పోయేది కాదు. పులాస్కి రోడ్డు సంగతే చూడండి. 1933లో క్రాఫర్డ్ అవెన్యూకు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ప్రాణాలిచ్చిన పోలిష్ వీరుడు కాజిమిర్ పులాస్కి పేరు పెట్టారు. ఆ వీధి వ్యాపారులు ఒప్పుకోలేదు, దుకాణాల బోర్డుల మీద పాత పేరే ఉంచి కోర్టుకెక్కారు. తగవు 1952 దాకా నడిచి చివరకు పులాస్కి పేరే ఖాయమయింది. ఒక వీధి పేరు కోసం అన్నేళ్లు వెనకాడకుండా నిలబడినవారిని తేలికగా తీసివేయలేము.

అరోరా_సుధ
ఇదంతా చదివాక నాకు తోచినది చెబుతాను. అరోరా బాలాజీ గుడి 1986లో వెలసింది. లెమాంట్ గుడి కూడా దాదాపు అప్పటిదే. మన తెలుగువారిలో ఎక్కువమంది నేరుగా శివారులకే వచ్చారు. గుడికి కారులో వెళ్తాము, మనబడి తరగతులకు కారులో వెళ్తాము, కిరాణాకు కారులో వెళ్తాము. నడిచి వెళ్లగల తెలుగు వీధి మనకు ఇక్కడ ఎన్నడూ లేదు. కాబట్టి పేట పోయిందా ఉందా అన్న ప్రశ్నకు జనాభా లెక్క ఒక్కటే కొలత కాదనుకొంటున్నాను. పోలిష్ వారు ఉమ్మడిగా కొనుక్కొన్న ఆస్తులు ఇంకా వారి చేతుల్లోనే పనిచేస్తున్నాయి. క్యాథలిక్ యూనియన్ భవనం మిల్వాకీ అవెన్యూ మీదే ఉంది, దానిలోనే పోలిష్ మ్యూజియం నడుస్తోంది. హోలీ ట్రినిటీ మూతపడే దశకు వచ్చి, 1987 నుంచి పోలిష్ మిషన్‌గా, అంటే పోలిష్ వారి కోసం నడిచే చర్చిగా, మళ్లీ నిలదొక్కుకొంది. చుట్టుపక్కల ఒక్క పోలిష్ కుటుంబం లేకపోయినా శివారుల నుంచి వచ్చి ఆదివారం ఆ చర్చి నింపుతారు. జెఫర్సన్ పార్కులో 1930 నాటి గేట్‌వే సినిమా హాలును 1979లో కోపర్నికస్ ఫౌండేషన్ కొని సాంస్కృతిక కేంద్రంగా మార్చింది. లేబర్ డే వారాంతంలో అక్కడ పోలిష్ తిరునాళ్లు జరుగుతాయి. శివారుల్లో శనివారపు పోలిష్ బడులు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. మనుషులు వెళ్లిపోయినా తిరిగి రావడానికి ఒక చోటు మిగిలింది, అది ఎవరో అద్దెకిచ్చిన చోటు కాదు. మన సంఘాలు ఏటేటా హాలు అద్దెకు తీసుకొని పండుగలు చేసే తీరు చూస్తే, మనం వీరి నుంచి నేర్చుకోవలసినది చాలా ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నేపర్‌విల్_నివాసి
సుధ గారు చెప్పిన కోణంలో నేను ఆలోచించలేదు, ఆస్తి విషయం ఒప్పుకొంటాను. అయినా చర్చినీ మ్యూజియాన్నీ కలిపితే పేట అయిపోదనే అంటాను. పిల్లలు వీధిలో ఆ భాషలో ఆడుకోవాలి.

గోదారిగట్టు
ఈ ఒక్క మాట దగ్గర మీతో ఏకీభవిస్తాను. పిల్లలు వీధిలో ఆడుకోవాలంటే వారి తల్లిదండ్రులు అద్దె కట్టగలగాలి కూడా.

ఓరుగల్లు_శారద
చివరి మాటగా ఒక చిన్న సందేహం. మేము శాకాహారులము. ఆ వీధిలో మేము తినగలిగినవి ఏమైనా ఉంటాయా, లేక వాసన చూసి వెనుదిరగాలా?

రిటైర్డ్_ఇంజనీరు
భేషుగ్గా ఉంటాయి. బంగాళాదుంపా పనీరు వంటి తెల్లని జున్నూ కూరిన పియెరోగీలు అడగండి. మన కజ్జికాయల ఆకారంలో ఉంటాయి, నీళ్లలో ఉడికించి ఇస్తారు. పైన వేసే ఉల్లిపాయను పంది కొవ్వులో వేయిస్తారు కాబట్టి వెన్నతో మాత్రమే ఇవ్వమని ముందే చెప్పాలి. క్యాబేజీ కూరిన వాటిలో మాంసం లేదని రూఢి చేసుకోండి. బేకరీలో గసగసాలు దట్టించిన మకోవియెత్స్ అనే చుట్ట రొట్టె దొరుకుతుంది. పోంచ్కీల (లోపల తీపి కూరి వేయించిన బూరెల వంటివి) కోసమైతే ఉపవాస దినాలు మొదలయ్యే ముందు మంగళవారం వెళ్లండి, బేకరీల ముందు బారులు తీరి ఉంటారు. పోలాండ్‌లో దాన్ని గురువారం చేసుకొంటారు, షికాగోలో రెండు రోజులూ తింటారు. అయితే కొన్ని బేకరీలు వాటిని కూడా కొవ్వులోనే వేయిస్తాయి, అడిగి కొనండి.

అవొండేల్_పైవాటా
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే శనివారం అమ్మాయితో కలిసి బయలుదేరుతున్నాము. ప్రాజెక్టుకు ఆ రిటైర్డ్ ఇంజనీరు గారి పార్శిల్ పెట్టె కథ వాడుకోవచ్చా అని అడుగుతోంది. ఏ వరుసలో చూస్తే బాగుంటుందో చెప్పగలరా?

రిటైర్డ్_ఇంజనీరు
నిరభ్యంతరంగా వాడుకోమనండి. ఆవిడ పేరు మాత్రం రాయవద్దు.

పాతకాగితాలు
బ్లూ లైన్ రైల్లో డివిజన్ స్టేషనులో దిగండి, బయటికి రాగానే కనబడేదే ఆ పాత కూడలి. అక్కడి నుంచి తూర్పుగా నోబుల్ వీధికి నడవండి. ఉత్తరం వైపు స్తానిస్లావుస్, దక్షిణం వైపు హోలీ ట్రినిటీ ఉంటాయి. రెండూ చూస్తే గోదారిగట్టు గారు చెప్పిన తగవు ఎంత చిన్న దూరంలో జరిగిందో అమ్మాయికి అర్థమవుతుంది. తరువాత మిల్వాకీ అవెన్యూ మీదే దక్షిణంగా నడిస్తే 984 నంబరు భవనంలో మ్యూజియం వస్తుంది. దానిలో పదెరెవ్స్కి వస్తువులతో ఒక గది ఉంది, 1941లో ఆయన చనిపోయాక అక్క ఇచ్చినవి. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు పోలాండ్ పంపిన వస్తువులు, యుద్ధం రావడంతో తిరిగి వెళ్లలేక ఇక్కడికి చేరినవి కూడా ఉన్నాయి. ప్రాజెక్టుకైతే లైబ్రరీని వదలవద్దు, పాత పత్రికలూ పారిష్‌ల స్మారక సంచికలూ అక్కడే ఉంటాయి. చర్చిల తలుపులు అన్ని వేళలా తెరిచి ఉండవు, మ్యూజియానికి కూడా సెలవులుంటాయి. బయలుదేరే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి.